కాశన్న టేకు తలవాకిలి

అరుణజ్యోతి ఇంట్లో కర్ర వస్తువంటూ ఒక్కటి లేదు. తలుపులు ఇనుమువి, కుర్చీలు ప్లాస్టిక్‌వి, మంచాలు మళ్లీ ఇనుమువే. చపాతీలు ఒత్తేది కూడా స్టీలు గొట్టంతోనే. పెళ్లైన కొత్తలో నంద్యాల షాపులో ముచ్చటపడి ఒక టేకు స్టూలు కొనుక్కుంది. దాన్ని ఆటోలోంచి దించుతుంటే ఎదురింటి ఆవిడ నవ్వుతూ, "అడివి నుంచేనా?" అంది. బిల్లు చూపించినా ఆవిడ నవ్వు తగ్గలేదు. ఆ వారంలోనే ఆ స్టూలు అరుణజ్యోతి ఆడపడుచు ఇంటికి వెళ్లిపోయింది.

ఎదురింటి ఆవిడను తప్పు పట్టడానికి కూడా లేదు. ఆత్మకూరు దగ్గర ప్రభుత్వ అడవి అంచున ఉన్న టేకు తోటలన్నిటికీ అరుణజ్యోతే సెక్షన్ ఆఫీసరు. ఏ చెట్టు ఉండాలో, ఏ చెట్టు పోవాలో చూసి గుర్తు పెట్టేది ఆమె. కూలీలను దగ్గరుండి నడిపించి కొట్టించేది, దుంగలు కోయించి డిపోకు చేర్చేది, కొలిపించి, శాఖ ముద్ర వేయించి, వేలానికి వరసలు పేర్పించేది కూడా ఆమే. చేతి కింద అంత కలప ఉన్న మనిషి పళ్లు కుట్టుకునే పుల్ల పట్టుకున్నా లోకం దాని ఊరూ పేరూ అడుగుతుంది. అందుకే ఆమె భర్త ఉమామహేశ్వర బట్టలారేయడానికి దండెం కట్టాల్సి వచ్చినప్పుడు కూడా వెదురు జోలికి పోకుండా ఇనుప పైపులే పాతాడు. ఆయనకు మందుల షాపు ఉంది. మందులు ఎక్కడివని ఎవరూ అడగరు.

అలాంటి ఇంటికి ఒకరోజు పొద్దున్నే అరుణజ్యోతి అన్న కాశన్న, భుజం మీద టవలూ చేతిలో ముడులేసిన తాడూ పట్టుకుని వచ్చాడు. ఎమ్మిగనూరు దాటి పోతే వచ్చే హిరేకల్లు వాళ్ల ఊరు. ఆ ఏడు ఉల్లిగడ్డ ధర దయ తలచడంతో కాశన్న పాత మట్టి మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి. వాకిలి దగ్గర పని ఆగింది.

"ఏం లేదు జ్యోతీ," అన్నాడు కాఫీ తాగుతూ. "తలవాకిలికి కట్టె కావల్ల. ఆచారి వీరభద్ర కొలతలు కూడా తాడుకు ముడులేసి పంపిచ్చినాడు. టేకైతేనే పని పడతానంటాండాడు."

"కర్నూల్లో శానా షాపులుండాయి కదన్నా."

కాశన్న చెల్లెలి వైపు జాలిగా చూశాడు. "బాయి పక్కన కూచోని నీళ్ల క్యాను కొనుక్కో అన్నట్ల ఉండాది నీ మాట."

"బాయి నాది కాదన్నా. గవర్నమెంటుది."

"ఆ గవర్నమెంటు యాడుండాదో నాకు తెలీదు. నువ్వు ఈడ ఉండావు."

అరుణజ్యోతి తాడు మడిచి అన్న చేతిలో పెట్టింది. డిపోలో వచ్చే నెల వేలం ఉందనీ, అందరితో పాటు వచ్చి పాట పాడి కొనుక్కోమనీ చెప్పింది. కాశన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"సొంత చెల్లెలి ముందర నిలబడి వేలం పాడల్లా?"

"నా ముందర కాదు. ఆ పొద్దు నేను ఆడ ఉండను కూడా."

అన్నట్టుగానే ఆమె రేంజరు దగ్గరికి పోయి, తన అన్న పాటకు వస్తున్నాడనీ, ఆ రోజు డిపోలో తన బదులు ఇంకొకరిని పెట్టమనీ అడిగింది. రేంజరు నవ్వి, సరే అన్నాడు. వేలం రోజు ఆమె కూలీలను వెంటబెట్టుకుని అన్నిటికన్నా దూరంగా ఉన్న తోటలో గుర్తులు పెట్టే పనికి పోయింది. వంకర తిరిగిన చెట్టు, రెండుగా చీలిన చెట్టు, పక్కదాని నీడలో బక్కచిక్కిన చెట్టు, వీటికి ఎర్ర రంగుతో పట్టీ వేయించాలి. వాటిని కొట్టేస్తే మిగిలినవి ఎండా గాలీ తగిలి లావెక్కుతాయి. ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. ఆ రోజు మాత్రం బాగా నిటారుగా పెరిగిన చెట్టుకు పట్టీ వేయించబోయి, మేస్త్రీ "మేడం, దీనికేం పాపం తగిలింది?" అని అడిగితే తేరుకుంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కాశన్న వసారాలో కూర్చుని చెంబుతో నీళ్లు తాగుతున్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

"కొన్నావా అన్నా?"

"కొన్నా."

"ఎట్ల జరిగింది?"

"జరిగింది."

అంతకుమించి నోరు విప్పలేదు. ఎండ తగిలిందేమో అనుకుని ఆమె మజ్జిగ ఇచ్చింది. మరునాడు డబ్బు కట్టి, పర్మిటు రాయించుకుని, దుంగలను చిన్న లారీకి ఎక్కించుకుని కాశన్న ఊరికి పోయాడు. అన్న కొంచెం అలిగినా చివరికి దారిలో పడ్డాడని అరుణజ్యోతి సంతోషించింది.

ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. ముందు హనుమేష్ అనే అతను వేరుశనక్కాయల సంచితో వచ్చాడు. హిరేకల్లులో కాశన్న పొలం పక్క పొలం వాళ్ల అబ్బాయి. సంచి గుమ్మం పక్కన పెట్టి, చాలా మర్యాదగా, "అక్కా, ఒక డబుల్ కాట్ మంచం కావల్ల," అన్నాడు. తనకు మంచాల షాపు లేదని ఆమె చెబితే, "తెలుసక్కా, కట్టె ఇస్తే చాలు, మంచం మేం చేయిచ్చుకుంటాం," అన్నాడు. రెండు రోజుల తర్వాత ముసలి దంపతులు రాఘవేంద్రస్వామి ప్రసాదం పట్టుకుని వచ్చారు. మంత్రాలయం పోయి ఆమె పేరున అర్చన కూడా చేయించారట. వాళ్లకు బీరువా కావాలి. ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, తక్కువ మాటల్లో తేల్చేశాడు: "ఒక లారీ అయితే ఏమి తీసుకుంటావమ్మా?"

అరుణజ్యోతి వెంటనే వదిన భీమక్కకు ఫోన్ చేసింది. భీమక్క కాసేపు నీళ్లు నమిలి, తర్వాత చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

లారీ ఊళ్లోకి వచ్చిన రోజు జనం చుట్టూ చేరారు. ముందు వరసలో కాశన్న ఎదురింటి బొజ్జన్న ఉన్నాడు. బొజ్జన్న అల్లుడు కరెంటు డిపార్టుమెంటులో పని చేస్తాడు. తన ఇంట్లో మీటరు తిరగదని బొజ్జన్న ఊరంతా చెప్పుకుంటాడు. ఆ బొజ్జన్న దుంగ మీద చెయ్యి వేసి, "ఎంతకు కొన్నావు కాశన్నా?" అని అడిగాడు. అంతే. కాశన్న మీసం మీదికి చెయ్యి పోయింది.

"'కొనేదేందప్పా? మా జ్యోతి అడివంతా ఏలుతాంటే నేను కట్టె కొనల్లా?' అన్నాడమ్మా మీ అన్న," అంది భీమక్క. "ఆ పొద్దుకు అంతే అన్నాడు. ఇంక రోజుకింత కలుపుతా వచ్చినాడు. నువ్వు చెట్టు వైపు ఏలు చూపిస్తే గార్డులు సెల్యూట్ కొట్టి దాన్ని నరికినారంట. చెక్‌పోస్టు కాడ లారీ ఆపితే, నువ్వు జీపులో నుంచి దిగి నల్ల కళ్లద్దాలు తీసినావంట. గేటు దానంతట అదే లేసిందంట."

"నాకు నల్ల కళ్లద్దాలే లేవు వదినా."

"కథలో ఉండాయి," అంది భీమక్క. "నాకు కూడా ఆడనే బాగా నచ్చింది," అని కూడా అంది.

అరుణజ్యోతి అన్నకు ఫోన్ చేసింది.

"ఊరోళ్ల నోటికి తాళమేస్తామా జ్యోతీ?" అన్నాడు కాశన్న.

"ఊరోళ్లు కాదు. నువ్వే చెప్పినావంట."

"హలో... హలో... వినపడల్యా. ఈడ సిగ్నల్ లేదు."

కాశన్న వెనక కోడిపెట్ట గుడ్డు పెట్టి అరుస్తున్నది ఆమెకు స్పష్టంగా వినపడింది. గృహప్రవేశానికి పోయినప్పుడు అందరి ముందర తానే చెప్పేయాలని నిశ్చయించుకుని ఫోన్ పెట్టేసింది.

గృహప్రవేశం రోజు పొద్దున్నే భర్తతో కలిసి హిరేకల్లులో దిగింది. వాకిలి చూడగానే చెప్పాలనుకున్న మాటలు కాసేపు మరిచిపోయింది. వీరభద్ర ఆ పని ఎంత మనసు పెట్టి చేశాడో దూరం నుంచే తెలుస్తోంది. ద్వారబంధానికి రెండు వైపులా లతలు, లతల్లో చిలకలు, పైన విచ్చుకున్న తామర. తలుపు రెక్కల మీద టేకు గీతలు ఎక్కడా తెగకుండా నీళ్లలా పైనుంచి కిందికి జారాయి. తన జీవితంలో వేల దుంగలు చూసిందిగానీ, ఒక దుంగ ఇలా ఒకరి ఇంట్లో కుదురుకోవడం దగ్గర నుంచి చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. చెయ్యి వేసి నిమిరింది.

వచ్చిన వాళ్లంతా అలాగే వాకిలి నిమిరి, ఆమె వైపు తిరిగి గూడుపుఠాణీ నవ్వు నవ్వుతున్నారు. ఒక ముసలాయన దగ్గరికి వచ్చి, "ఎన్ని చెట్లు పట్టిందమ్మా?" అని గుసగుసగా అడిగాడు.

"తాతా, అది వేలంలో కొన్న కట్టె."

"అట్లనే చెప్పల్ల," అన్నాడాయన మెచ్చుకోలుగా, కన్ను గీటి.

వ్రతం అయ్యింది. విస్తళ్లు వేస్తున్నారు. అప్పుడు వీధి మొదట్లో ఆకుపచ్చ జీపు ఆగింది. దిగినాయన పేరు దావీదురాజు. కడప వైపు మనిషి, ఇప్పుడు కర్నూల్లో దొంగ కలప పట్టుకునే అటవీశాఖ స్క్వాడుకు ఆఫీసరు. అరుణజ్యోతి ట్రైనింగులో ఉన్నప్పుడు చెట్లు కొలవడం నేర్పింది ఆయనే. ఆయన వెంట ఇద్దరు సిబ్బంది.

ఆమె లేచి ఎదురు వెళ్లేలోగానే ఊరు కదిలింది. ఎవరు చెప్పారో తెలియదు, భీమక్కా ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ కలిసి షామియానా కింద పరిచిన జంపఖానా లాగి వాకిలికి అడ్డంగా కట్టేశారు. దాని మీద కూర్చున్నవాళ్లు కొందరు వెనక్కి పడ్డారు. గడప తొక్కితే ఇంటిల్లిపాదినీ తిట్టే కాశన్న తల్లి ఉరుకుందమ్మ, గభాలున వచ్చి ఆ గడప మీదే చతికిలబడి కొంగు పరిచేసింది. బొజ్జన్న పంచె ఎగ్గట్టి అందరికన్నా ముందుకు వచ్చాడు. మామూలు రోజుల్లో కాశన్నకూ ఆయనకూ పడదు. కానీ ఇది ఊరి ఆడబిడ్డ విషయం.

"సార్, మీరు ఏ పని మీద వచ్చినారో మాకు తెలీదు గానీ, ఈ వాకిలి వేప కట్టె," అన్నాడు.

"తుమ్మ సార్," అని అదే సమయంలో వెనక నుంచి ఇంకెవరో అన్నారు.

బొజ్జన్న వెనక్కి ఒకసారి గుర్రుగా చూసి, "సగం వేప, సగం తుమ్మ," అని సర్దాడు.

దావీదురాజు తొందరపడే మనిషి కాదు. "చేసిందెవరు?" అని అడిగాడు.

వీరభద్రను ముందుకు తోశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. నెల రోజులు కళ్లలో వత్తులేసుకుని చెక్కిన పనిని తన నోటితోనే తుమ్మ అని చెప్పాల్సి వచ్చింది పాపం. నోరు తెరిచి మూశాడు. మళ్లీ తెరిచి, "వేప," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుమ్మ అనడానికి మాత్రం నోరు రాలేదు.

దావీదురాజు జంపఖానా అంచు ఎత్తి, చిలకను చూసి, దానికి ముక్కు ఆనించి వాసన చూశాడు. "వేపకు ఇంత మంచి వాసన ఎప్పటి నుంచి వస్తాంది?"

"కొత్త రకం సార్," అన్నాడు బొజ్జన్న.

అరుణజ్యోతి ఇక ఆగలేదు. "సార్, అది టేకే. మన డిపోలో వేలం పాటలో మా అన్న కొన్నాడు. దయచేసి వీళ్ల మాటలు పట్టించుకోవద్దు."

బొజ్జన్న ఆమె దగ్గరికి వచ్చి, అందరికీ వినపడే గుసగుసతో, "నువ్వు మాట్లాడద్దు తల్లీ. నీకు ఇట్లాంటివి చాతగాదు. మేం చూసుకుంటాం కదా," అన్నాడు.

దావీదురాజు అందరినీ ఒకసారి చూశాడు. "ఈ వాకిలి మీద నాకు ఒక అర్జీ వచ్చింది. దాంట్లో చెక్‌పోస్టు ఉండాది, సెల్యూట్లు ఉండాయి, నల్ల కళ్లద్దాలు కూడా ఉండాయి. ఇంటాయన నోటితో వింటే గానీ నేను పోను. ఎవరప్పా కాశన్న?"

కాశన్న కొత్త పంచెలో, నుదుటన కుంకుమతో నిలబడి ఉన్నాడు. ముందు బొజ్జన్న వైపు చూశాడు. తర్వాత చెల్లెలి వైపు చూశాడు. ఆమె పట్టుచీరలో ఉన్నా, పై అధికారి ముందు చేతులు కిందికి పెట్టి, యూనిఫాంలో ఉన్నట్టే నిటారుగా నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. ఆమెను కాశన్న ఎన్నడూ అట్లా చూడలేదు.

"కొన్నా సార్," అన్నాడు.

"వినపడల్యా."

"దుడ్లు కట్టి కొన్నా. పర్మిటు కూడా లోపల బీరువాలో ఉండాది." గొంతు గట్టిబడింది. ఒకసారి మొదలుపెట్టాక మిగిలింది దాచుకోవడం ఆయనకు బరువనిపించినట్టుంది. "మా చెల్లెలు ఆ పొద్దు ఆడ లేదు సార్. ఉండింటే నాకు అంత అవమానం జరిగేది కాదు."

"ఏం జరిగింది?"

"నేను ఒక పాట పాడినా. ఎవురూ పలకల్యా. అందరూ నా తట్టు చూస్తాండారు. ఊరికే కూచుంటే మర్యాద కాదేమో అని ఇంకొంచెం పెంచి పాడినా. అప్పుడూ ఎవురూ పలకల్యా. వీళ్లు నన్ను లెక్క చేస్తాలేదని కోపమొచ్చి ఇంకా పెంచినా. అప్పుడు ఆ పాట పెట్టే సార్ దండం పెట్టి, పెద్దాయనా, నీ మీద నువ్వే పాడుతాండావు, దయచేసి కూచో, అన్నాడు."

ముందు నవ్వింది గడప మీద కూర్చున్న ఉరుకుందమ్మ. కొడుకు మొహం చూసి ఆపుకోబోయి, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. తర్వాత షామియానా మొత్తం నవ్వింది. స్క్వాడు సిబ్బంది ఇద్దరూ జీపు వైపు తిరిగి నిలబడ్డారు. దావీదురాజు మాత్రం నవ్వలేదు గానీ, టోపీ తీసి చాలాసేపు తల తుడుచుకున్నాడు.

ఇంతలో వీరభద్ర తన కొట్టం వైపు పరుగెత్తి, దుంగ చివర నుంచి కోసిన గుండ్రటి చెక్కను చంకన పెట్టుకుని వచ్చాడు. దాని మీద శాఖ ముద్రా, నంబరూ ఇంకా అట్లాగే ఉన్నాయి. "దీన్ని కోసేటప్పుడే అనుకున్న్యా సార్, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాదని," అని ముందు పెట్టి, ఊపిరి పీల్చుకుని, "టేకు సార్ అది. అచ్చమైన టేకు. ఇట్లాంటి కట్టె మీద నేను ఇంతవరకూ చెయ్యి పెట్టల్యా," అని గబగబా చెప్పేశాడు. అప్పటికి ఆయన మొహం తేటపడింది.

సిబ్బందిలో ఒకతను డిపోకు ఫోన్ చేసి నంబరు చెప్పాడు. సరిపోయింది. దావీదురాజు పర్మిటు చూసి కాశన్న చేతికి తిరిగి ఇచ్చేసి బయలుదేరబోయాడు. ఉరుకుందమ్మ గడప మీద నుంచి లేవకుండానే, "శుభం జరిగిన ఇంట్లో నుంచి వట్టి కడుపుతో పోతారా నాయనా?" అంది. ఆయన అరుణజ్యోతి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. పంక్తిలో కూర్చుని ముగ్గురూ ఓళిగలు తిన్నారు. దావీదురాజు నెయ్యి మళ్లీ అడిగి వేయించుకున్నాడు.

భోజనాలయ్యాక కాశన్న కనిపించలేదు. వెతికితే గడ్డివామి వెనక, ఎడ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అరుణజ్యోతి పోయి పక్కన నిలబడింది. తిట్టాలనే వచ్చింది.

"ఎందుకు చెప్పినావన్నా అట్ల?"

కాశన్న గడ్డిపోచ తుంచుతూ కూర్చున్నాడు. "బొజ్జన్న అడిగినాడు. నోటికొచ్చింది. ఆ పొద్దు నుంచి ఊరంతా నీ పేరే. మా జ్యోతి అంటే గేట్లు లేస్తాయని చిన్న పిల్లోళ్లు కూడా చెప్పుకుంటాంటే నాకు శానా గొప్పగా ఉన్నింది. వాళ్లు నిన్ను దొంగ అంటాండారని నాకు తోచనే లేదు. ఈ పొద్దు నీ మొగం చూసినాక తోచింది."

ఆమెకు పాత రోజులు గుర్తొచ్చాయి. తను చదువుకునేటప్పుడు హాస్టలుకు జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చి, గేటు దగ్గర అందరితోనూ "మా చెల్లెలు ఆఫీసరు అవుతాది" అని ముందే చెప్పేసిన మనిషి. అప్పుడూ ఇట్లాగే తలవంపులు తెచ్చేవాడు.

"ఇప్పుడు నా పరువు పోయింది. నువ్వేమో అక్కరకు రాని చెల్లెలివైనావు," అన్నాడు కాశన్న దిగులుగా. "ఎవురికి లాభం?"

"స్క్వాడోళ్లకు. ఓళిగలు బాగుండాయన్నారు."

కాశన్న ఆమె వైపు చూసి, నవ్వలేక నవ్వాడు. ఆమె అన్న పక్కనే గడ్డి మీద కూర్చుంది.

అర్జీ మూసేశారు. మంచాలు, బీరువాలు అడిగేవాళ్లు రావడం కొన్నాళ్లు ఆగింది. అరుణజ్యోతి నిమ్మళంగా తోటల్లో గుర్తులు పెట్టుకుంటూ ఉండగా, ఒకరోజు బొజ్జన్నే స్వయంగా ఆత్మకూరు వచ్చి, డిపో గేటు బయట వేపచెట్టు కింద ఆమె కోసం కూర్చున్నాడు. మనుమరాలికి ఇల్లు కడుతున్నాడు.

"కట్టె కావల్ల జ్యోతమ్మా."

"బొజ్జన్న మామా, ఆ పొద్దు అంతా విన్నావు కదా. ఇంకా నమ్మవా?"

"ఏమి నమ్మల్ల? తన మీద తానే పాట పాడుకునే మనిషి లోకంలో ఉంటాడా తల్లీ?" అన్నాడు బొజ్జన్న. "మీ అన్న పాపం కొన్నానని అందరి ముందరా ఒట్లు పెడతాండాడు. అరచేతిలో కర్పూరం వెలిగిచ్చుకుంటానంటాండాడు. ఊళ్లో ఒక్కరు నమ్మితే చూడు. ఆ ముద్ర చెక్క ముందే చేయిచ్చి పెట్టుకున్నారని వీరభద్రను చూస్తేనే తెలుస్తాంది. స్క్వాడోడు వచ్చినాడు, కూచున్నాడు, నెయ్యి అడిగి పోయిచ్చుకోని పోయినాడు. అప్పుడే అనుకున్న్యాం, మన జ్యోతమ్మ మేం అనుకున్న దానికన్నా శానా పెద్ద మనిషని."

అరుణజ్యోతి డిపో లోపలికి చూసింది. దుంగలు పేరుస్తున్న కూలీలు ఆమె కోసం ఎదురు చూస్తున్నారు.

"వచ్చే నెల వేలం ఉండాది మామా. దుడ్లు తెచ్చుకోని రా. పాడుకో, నచ్చింది తీసుకోనిపో."

బొజ్జన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఎన్ని గంటలకు రావల్ల?" అన్నాడు.

"పొద్దున్నే. ఈ గేటు లోపలే, అందరి ముందర."

"అందరి ముందరనా?" బొజ్జన్న కళ్లు పెద్దవయ్యాయి. రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టాడు. "నీ ధైర్యానికి మొక్కల్ల తల్లీ."